బురుల్ అవ్వ ఓటు

చూపులేని బురుల్ అవ్వకు నేను చేసిన మోసం తెలుసో లేదోనన్న సందేహం ఐదేళ్లుగా నన్ను నమాజులో కూడా వదల్లేదు.

పోలింగుకు ముందురోజు ఓటుపెట్టె మళ్లీ ఆమె ఇంటికొచ్చింది. గుర్తు పెట్టడానికి పొరుగువాడినని మళ్లీ నన్నే పిలిపించింది. కాలువ నీళ్లు పంచే ఊరిపెద్ద ఆనాటిలాగే గుమ్మంలో నిలబడ్డాడు.

“ఎవరికి వేయమంటావు అవ్వా?”

“పోయినసారీ ఇలాగే అడిగావు నాయనా. నా కొడుకు పేరు అన్నిటికంటే కింద ఉందన్నారు. నీ కలమేమో పైన గీసింది. కళ్లు లేవుగానీ చెవులున్నాయిరా నాకు.”

“మరి మళ్లీ నన్నెందుకు పిలిచావు?”

“బాకీ ఉన్నది నువ్వేగా! ఈసారి కోడలు నిలబడింది. అదీ అట్టడుగునే.”

ఊరిపెద్ద దగ్గాడు. “ఈ వేసవి నీ ఆపిల్ తోటకు నీళ్లు వద్దా, ఎర్మెక్?”

కాగితాన్ని అవ్వ మోకాలి మీద పరిచి, ఆమెకు వినబడేలా అట్టడుగున గట్టిగా గీశాను.