సాహితి రిపోర్టు

"కొలెస్ట్రాల్ తొంభై ఆరేనట బాబూ. ఇంక దీని ఒంట్లో ఏటి మిగిలుందని?"

కాశీబుగ్గలో దుర్గాప్రసాద్ డాక్టరు బల్ల మీద కాయితం పెట్టి, నీలవేణి కొంగుతో మెడ తుడుచుకుంది. పక్క కుర్చీలో కూతురు సాహితి ఫోను చూసుకుంటోంది. టెక్కలిలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది ఆ పిల్ల. కాలేజీలో అందరికీ రక్తపరీక్ష చేశారంటూ నిన్న రిపోర్టు తెచ్చి గూట్లో పెట్టింది. నీలవేణి తన ఐదో తరగతి చదువుతో కూడబలుక్కుంటూ పోయి, ఒకచోట కిందికి దిగిన బాణం గుర్తు చూసింది. అంతే, ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

డాక్టరు కాయితం చదివి సాహితి వైపు చూశాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

నీలవేణి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏటో దాత్తన్నారు. సెప్పండి బాబూ. మా అన్న వైకుంఠరావుకీ ఇలాగే ఒక్క కాయితంతోనే మొదలయింది. కిడ్నీలు పోయాయన్నారు. రెండేళ్లు డయాలసిస్‌కి తిప్పాను. దక్కలేదు."

ఆ తర్వాత ఆమె పరీక్ష అన్న మాట వింటేనే ఆమడ దూరం పోయేది. తమ ఊరు జలంత్రకోటలో వైద్యశిబిరం పెట్టిన రోజున జీడితోటలో దూరి, పొద్దుగూకేదాకా జీడిపిక్కలు ఏరుకుంది.

"ఈమధ్య ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా?" అడిగాడు డాక్టరు.

"నాకొచ్చినాది, వారం కిందట. మిరియాల కషాయం తాగితే పోయింది. దీనికి రాలేదు. రోజూ నుదురు పట్టుకుని సూత్తాను కదా."

"పైకి జ్వరం లేకుండా కూడా వైరస్ వచ్చిపోతుందమ్మా."

"అయితే నేనే అంటించాను," అని తల పట్టుకుంది.

డాక్టరు నవ్వాపుకున్నాడు. "మీ తోటలో ఎలుగుబంటి దిగిందని కబురొస్తే ఏం చేస్తారు?"

"పండిన పనసకాయలన్నీ దింపేసి ఇంటికి తెచ్చేత్తాం. తిండి దొరక్కపోతే అదే పోతాది."

"ఒళ్లూ అదే చేసింది. వైరస్ దిగగానే కణాలు కొన్ని ప్రొటీన్లు తయారుచేస్తాయి. అవి ఊరంతా కేకేసే మనిషి లాంటివి. ఆ కేక విని కణాలు కొలెస్ట్రాల్ తయారీ తగ్గించేస్తాయి. వైరస్ పెరగడానికి ఆ కొవ్వు కావాలి మరి. కొన్నాళ్లలో మళ్లీ మామూలైపోతుంది. నెల పోయాక ఇంకోసారి చూద్దాం."

"మరి కిడ్నీలు?" బల్ల మీదికి వంగి అడిగింది.

"క్రియాటినిన్ సున్నా పాయింట్ ఎనిమిది. మీ అన్నగారి జబ్బు జాడ ఇందులో ఎక్కడా లేదు."

నీలవేణి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. జాకెట్టు చెయ్యి పైకి జరిగి, మోచేతి మడతలో పచ్చబడ్డ కమిలిన మచ్చ కనబడింది.

"ఆ దెబ్బేంటమ్మా?"

"దీని ప్రాక్టికల్సు బాబూ. క్లాసులో ఎవలూ సెయ్యి ఇవ్వలేదట, మార్కులు పోతాయని ఏడిసింది. పరీక్ష కాదు కదా, సదువు కోసమే కదాని నేనిచ్చాను. నరం దొరక్క నాలుగుసార్లు గుచ్చింది."

"రెండుసార్లేనమ్మా," అంది సాహితి.

"నీకు రెండు. నాకు నాలుగు."

బయటికొచ్చాక నీలవేణి తనంతట తానే చెరకురసం బండి దగ్గర ఆగింది. ఒక్క గుక్కలో సగం గ్లాసు తాగేసి, నిన్నటి నుంచి బిగబట్టిన ఊపిరంతా వదిలింది.

"నువ్వు బాగున్నావు, అదే సాలు. ఇంక నాకేటైనా పర్లేదు."

"నీకేటైనా పర్లేదని అనకు. ఏడాది నుంచి బతిమాలతన్నాను, ఒక్కపాలి టెస్టుకి రమ్మని. వచ్చావా?"

"నా సంగతెందుకిప్పుడు? సల్లగా రసం తాగు."

సాహితి గ్లాసు పక్కన పెట్టి, తల్లి మోచేతి మడతలోని మచ్చను బొటనవేలితో మెల్లగా రాసింది.

"అమ్మా, తిట్టకూడదు మరి."

"ఏటే?"

"ఆ కాయితంలో నెత్తురు నీదే."