సగం లైను

"సార్, ఆ ఒక్క లైను గుర్తు చేసుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను" అంది ఇంజినీరమ్మాయి, డ్యాం ఆఫీసు కంప్యూటర్‌కి కలిపిన ల్యాప్‌టాప్‌ను మంచం మీద పెట్టి.

పోయిన నెల పక్షవాతంతో కుడి చెయ్యి, మాట పడిపోయిన ఆ ఆఫీసు మాస్టారు "కాకి... కాకి" అన్నారు.

"ఏమడిగినా అదే మాటమ్మా" అంది ఆయన భార్య.

"గంటలో డ్యాం గేట్లెత్తుతారు ఆంటీ. వాన లెక్కలు ఏ ఫోల్డర్లో ఉన్నాయో చెప్పందే ప్రోగ్రాం కదలదు. ఏ వీధులు మునుగుతాయో తెలీదు. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా ఆ ఫోల్డర్ దారి చెప్పే లైను సారే కొట్టేవారు. ఇవాళ కరెంటు పోయి అది కాస్తా మర్చిపోయింది."

"రాసిపెట్టమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నా వేళ్ళకి తెలుసులే అనేవారు."

అమ్మాయి ఆయన ఎడమ చేతిని కీబోర్డు మీద పెట్టింది. వేళ్ళు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. తెర మీద అర్థంలేని అక్షరాలు పడ్డాయి.

"అయిపోయింది ఆంటీ" అని ఏడ్చేసింది.

"వేళ్ళు ఆగినప్పుడల్లా కుడి భుజం అదురుతోంది, చూడమ్మా."

అమ్మాయి భుజాన్ని చూసి, తెర వైపు తిరిగింది. ఇలాంటి లైనులో మొదటి మాట ఇంగ్లీషు 'ఎక్స్‌పోర్ట్' అయ్యుండాలి. తెర మీద పడ్డదాంట్లో పి, ఓ లేవు. రెండూ కీబోర్డు మీద కుడి చేత్తో కొట్టే అక్షరాలే.

ఆయన కుడి పక్కన కూర్చుని తన చెయ్యి కీబోర్డు మీద ఉంచింది. "మళ్ళీ కొట్టండి సార్."

ఆయన ఆగిన చోటల్లా మాటను ఊహించి తను నొక్కింది. లైను నిండింది. అయినా ఆయన ఆమె చేతినే చూస్తున్నారు.

"ఇంకేముంది సార్?"

ఎంటర్ కూడా కుడి చేతిదే.

నొక్కి, ప్రోగ్రాం నడిపింది. మునిగే వీధుల పేర్లు దిగుతుంటే అక్కడి వాళ్ళని హెచ్చరించడానికి ఎడమ చేత్తో ఫోను అందుకుంది. కుడి చెయ్యి ఆయన చేతి పక్కనే ఉండిపోయింది.