సుశీల అని పేరున్న ఫొటో

2013 జూలై 19, పొద్దున ఏడుంబావుకు శామీర్‌పేట రోడ్డు మలుపులో సుశీల ప్రచార ఫ్లెక్సీ వెలిసింది. సర్పంచ్ అభ్యర్థిగా పేరు ఆమెదే, కత్తెర గుర్తూ ఆమెదే. ఫొటో మాత్రం పాత హాలీవుడ్ హీరోయిన్‌ది.

"పోలింగ్ ఇగ నాలుగు దినాలే. నా మొఖమేది వసీమ్?" అని సుశీల నిచ్చెన మీదున్న ఫ్లెక్సీ కుర్రాణ్ని అడిగింది.

"అన్న పెన్‌డ్రైవ్ ఇచ్చిండు వదినా. సుశీల అని పేరున్న ఫొటో పెట్టుమన్నడు. పెట్టిన."

"గా తెల్ల దొరసాని నేనెట్లయిత?"

"పౌడర్ జర ఎక్కువైందనుకున్న."

సుశీల భర్త వైపు తిరిగింది. ఇంగ్లీషు ముక్క రాకపోయినా ఆ నలుపు తెలుపు సినిమాల ముందు కూర్చుని అన్నం చల్లారబెట్టుకునే మనిషి జనార్ధన్.

"ఏమయ్యా, దీనికి నా పేరెవలు పెట్టిన్రు?"

"నేనే."

"ఎందుకు?"

జనార్ధన్ కండువా సర్దుకున్నాడు. "నవ్వితే అచ్చం నీ లెక్కనే ఉంటది. ఆమె అసలు పేరు నాకు నోరు తిరగదు. మన పెండ్లైన కాన్నుంచి సుశీలనే అంటున్న."

సుశీల తలెత్తి ఫ్లెక్సీని మళ్లీ చూసింది.

పాల క్యాన్లతో పోతున్న సాలేహా స్కూటీ ఆపింది. "సుశీలక్కా, ఫొటోల మస్తున్నవ్. జర బక్కగ పడ్డవ్, గంతే."

"ఇప్పేస్తున్న వదినా," అన్నాడు వసీమ్.

"ఉండనియ్యి."

ప్రచారం ముగిసేదాకా ఫ్లెక్సీని ఎవరూ దించలేదు. సుశీల పదకొండు ఓట్లతో గెలిచింది.