విషపు కుండ మీద ఇనుము

చెరువు ఎర్రమట్టిలో కంటికి కనపడనంత చిన్న పురుగు ఉండేది. దానికో విషపు కుండ, ఆ కుండ మూత మీద బరువుగా ఇనుప రజను. దాని తిండీ ఇనుమే; మట్టిలో ఇనుముకు కొదవా? ఆ మూత ఏనాడూ లేవలేదు.

ఒకనాడు దూడ నీళ్లు తాగితే పురుగు దాని ఒంట్లోకి జారింది.

"పిలవని చుట్టం వచ్చిందర్రోయ్! ఇనుమంతా దాచేయండి, ఆకలికి అదే చస్తుంది," అంది ఆ ఒంటికి పెద్దదిక్కు, కార్జం.

"అత్తా, చిటికెడు ఇనుము పెట్టవే!" అంది పురుగు.

"లేదు, పోవే!"

ఆకలికి తాళలేక పురుగు మూత మీది రజనంతా నాకేసింది. బరువు పోయి మూత లేచింది, విషం ఒలికింది. దూడ గడగడా వణికింది.

కార్జం నోరెళ్లబెట్టింది. "అయ్యో నా రాత! కూడు దాచాననుకున్నానే, విషానికి మూత తీశానా!"

"ఇప్పుడైనా పెట్టత్తా," నవ్వింది పురుగు. "కడుపు నిండితే విషం జోలికి పోను, పిల్లల్ని కంటాను, ఒళ్లంతా నిండేటన్ని!"

ఇనుము పెట్టబోయిన కార్జం చెయ్యి అలాగే ఆగిపోయింది.