కందకంలో ఫిరంగి గుండు

"ఆపండి! ఇంకొక్క అడుగు ముందుకొచ్చారంటే చరిత్రని తొక్కేసినట్టే!"

కోటగోడ కింద కందకంలో బుల్డోజరుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు ఆన్సెల్మ్. ఊళ్ళోని ముసలాళ్ళంతా పొద్దస్తమానం ఇనుప బంతులు విసురుతూ ఆడుకునే చోటది. దాన్ని చదును చేసి కార్లు నిలిపే స్థలంగా మార్చాలని మేయర్ పంతం.

"ఏంటయ్యా నీ గోల?" మేయర్ విసుక్కున్నాడు. "రక్షిత కట్టడమంటే ఆ గోడ. ఈ గొయ్యి కాదు. తప్పుకో!"

"గోతిలో ఏముందో చూసి మాట్లాడండి!" గోడ మొదట్లో తవ్విన గుంట చూపించాడు ఆన్సెల్మ్. అందులో తుప్పు పట్టిన గుండొకటి ఉంది. "స్పెయిన్ వాళ్ళు మన కోట మీద పేల్చిన ఫిరంగి గుండు!"

డ్రైవరు ఇంజను ఆపేశాడు. పాత వస్తువు బయటపడితే పని ఆపి పురావస్తు శాఖకు కబురు పెట్టాల్సిందే. మేయర్ పళ్ళు నూరుతూ ఫోను తీశాడు.

ఆటలో ఆన్సెల్మ్ జోడీ జిల్బెర్త్ మెల్లగా పక్కకొచ్చింది. "ఏమయ్యోయ్, అది మీ తాత ఆడిన బంతి కదూ?"

"గట్టిగా అనకు తల్లీ! నిన్న దాన్ని పాతేసరికి నా నడుం పడిపోయింది."

"అంత లోతు ఎందుకు తవ్వావు?"

"పైపైన పాతితే ఎవరు నమ్ముతారు?"

పురావస్తు అధికారిణి సోలాంజ్ భోజనాలయ్యాకే వచ్చింది. గుండును బ్రష్షుతో తుడిచి చూసింది. గుంటలోకి దిగి చాలాసేపు అక్కడే ఉండిపోయింది. జిల్బెర్త్ శిలువ గుర్తు వేసుకుంది.

చివరికి సోలాంజ్ బట్టలు దులుపుకుంటూ పైకొచ్చింది. "మేయర్ గారూ, పార్కింగు మాట మర్చిపోండి. ఇక్కడ యంత్రం పెట్టడానికి వీల్లేదు."

మేయర్ చరచరా వెళ్ళిపోయాడు. ముసలాళ్ళు ఈలలేశారు. ఎవరో సీసా మూత తీశారు. జిల్బెర్త్ ఆన్సెల్మ్ రెండు బుగ్గలూ ముద్దాడింది. పోయిందనుకున్న ఆట నిలబడిందంటే ఎవరికి మాత్రం ఆనందం ఉండదు?

సోలాంజ్ ఆన్సెల్మ్‌ను పక్కకు పిలిచి గుండు అతని చేతిలో పెట్టింది. "ఏం పెద్దాయనా, స్పెయిన్ వాళ్ళు ఫిరంగి గుండ్ల మీద బరువు గ్రాముల్లో చెక్కించేవాళ్ళా?"

ఆన్సెల్మ్ చెవులు ఎర్రబడ్డాయి. "మరి... పని ఎందుకు ఆపించారు మేడం?"

"గుండు నకిలీదే. కానీ దాన్ని పాతడానికి మీరు తవ్విన చోట, ఈ గోడకన్నా ఎన్నో వందల ఏళ్ళ పాత బురుజు పునాది బయటపడింది. దానికోసం మావాళ్ళు తరతరాలుగా వెతుకుతున్నారు."

ఆన్సెల్మ్‌కు నడుంనొప్పి ఎగిరిపోయింది. "అయితే కనిపెట్టింది నేనేగా! ఆ బురుజుకి నా పేరు పెట్టండి. రోజూ ఆడుకుంటూ చూసుకుంటాం."

"పేరుదేముంది, తప్పకుండా పెడతాం," నవ్వింది సోలాంజ్. "రేపు కంచె వేసేస్తున్నాం. తవ్వకాలు అయ్యేదాకా, ఓ పదేళ్ళు, కందకంలోకి ఎవరూ దిగకూడదు!"