ఖాజీగారి అంగీ

"చర్చి వాళ్ళు కుడి పక్క, మసీదు వాళ్ళు ఎడమ పక్క! కలవకండి, కొట్టుకోకండి!" కొండ మీద ఖాజీ సుల్హీ ఎఫెందీ గొంతు చించుకుంటున్నాడు.

సుల్తాను ఏలుబడిలోని మనాస్తిర్ పట్నంలో చినుకు పడక పొలాలు నెర్రెలిచ్చాయి. వాన కోసం అందరూ ఒకే రోజు మొక్కాలన్నది ఆయన ఆలోచనే.

"సుల్తానుగారి ధర్మం చూశావా గ్లిగోర్ పాదిరీ? ఇంకో ఖాజీ అయితే మిమ్మల్ని కొండెక్కనిచ్చేవాడా? నా నీడలో ఉన్నారు గనక సరిపోయింది."

"మీ దయ ఖాజీగారూ," అన్నాడు పాదిరి, విని విని అలవాటైన గొంతుతో.

వాన నమాజు ఆనవాయితీ ప్రకారం ఖాజీ తన దర్జా అంగీ విప్పి, తిరగేసి తొడుక్కున్నాడు.

మసీదు వరస నోరెళ్ళబెట్టింది. చర్చి వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అంగీ లోపలి అస్తరు నిండా జరీ సిలువలు!

"కారాబెత్! ఏంట్రా ఇది?"

దర్జీ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "లోపల ఎవడు చూస్తాడు, చవకదేదో వెయ్యమని మీరే అన్నారు కదండీ! చర్చి తెర కుట్టగా మిగిలిన పట్టు వేశాను. మూడేళ్ళయింది. మీరు చూశారనే అనుకున్నా."

ఎలా చూస్తాడు? వెనక నుంచి నౌకరు తొడిగితే చేతులు చాపడమేగా ఆయన పని!

"విప్పెయ్యండి, జనం చూస్తున్నారు," ఇమాం గొణిగాడు.

బొత్తాల మీదికి వెళ్ళిన ఖాజీ వేళ్ళు ఆగాయి. ఆయనకి నవ్వాగలేదు. విప్పబోయినవాడు మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాడు.

"నా నీడలో మీరున్నారని ఊరంతా చెప్పుకు తిరిగాను పాదిరీ. మూడు చలికాలాలూ మీ చర్చి గుడ్డ చాటున వెచ్చగా ఉన్నది నేనటయ్యా!"