ప్రోటాన్ల పాఠం

“ఇయ్యాల నీ పేరు సరస్వతమ్మ. మర్చిపోకు,” అన్నాడు కరస్పాండెంట్ వామనరావు. “కొంగు నిండుగ కప్పుకో. ఆమెకు యాభై దాటినయి.”

మమతకు ముప్పై కూడా లేవు. చదివింది బీయస్సీ. గోదావరిఖనిలోని ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ పాఠం చెప్పేది ఆమే. ఎమ్మెస్సీ చదివిన సరస్వతమ్మగారు హైదరాబాదులో ఉంటారు. ఆవిడ సర్టిఫికెట్లు మాత్రం ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాయి.

“తనిఖీల పట్టుబడితే ఎట్ల సార్?”

“కాలేజీకి తాళం పడుతది, నీ నౌకరీ పోతది. అందుకే పట్టుబడకు.”

తనిఖీ అధికారి రానే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నెరిసిన మీసం, ముక్తసరి మాట. వామనరావు ఆయన్ని వెనక బెంచీ మీద కూర్చోబెట్టి చల్లగా జారుకున్నాడు.

మమత గొంతు సవరించుకుంది. “మన గనుల బొగ్గుల ఎక్కువున్నది కార్బనే. కార్బన్ పరమాణువు నడుమ ఆరు ప్రోటాన్లుంటయి. ఇంకొక్కటి కలిసిందనుకోండ్రి, అది ఇగ కార్బన్ కాదు, నైట్రోజన్. మనం పీల్చే గాలిల ఉండేది.”

“ఎలక్ట్రాన్ పోతే, మేడం?” ముందు బెంచీ నుంచి సహస్ర అడిగింది.

“పేరు మారది, గుణం మారుతది. సోడియం ముక్కను నీళ్లల్ల వేస్తే భగ్గుమంటది. అదే ఒక ఎలక్ట్రాన్ వదులుకున్నంక ఉప్పుల చేరి మన కూరల పడ్తది. అయినా అది సోడియమే. ఎవరన్నది ప్రోటాన్లు చెప్తయి. నలుగురిల ఎట్ల మెలుగుతదో ఎలక్ట్రాన్లు చెప్తయి.”

అధికారి చెయ్యెత్తాడు. “అంటే పైన ఎంత మార్చినా, లోపల ఉన్నదే అసలు పేరు. అంతేనా?”

మమతకు చెమట పట్టింది. అంత పెద్ద చదువు చదివిన మనిషి ఇంత చిన్న ప్రశ్న ఊరికే అడగడు. “అంతే సార్,” అంది.

“లోపలిది ఎవరికీ కనపడదు గదా. మరి ఎట్ల పట్టుకుంటరు?”

“పట్టుకునే పద్ధతులు ఉంటయి సార్.” ఆ మాట అని ఆమె బోర్డు వైపు తిరిగింది.

గంట కొట్టగానే పిల్లలు బయటికి పోయారు. అధికారి మాత్రం కదల్లేదు. సుద్ద అంటిన చేతులు చీరకు తుడుచుకుని, రేపు ఇదే పిల్లల ముందు ఏ మొహంతో నిలబడాలా అనుకుంది మమత. నౌకరీ పోతే ఇల్లు గడవడం కష్టమే. అయినా వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది.

“మీకు ఎరుకైపోయింది సార్. నేను సరస్వతమ్మను కాదు. మమతను. మాది కమాన్‌పూర్. ఎమ్మెస్సీ చదవలే. పిల్లలకు గా పాఠం చెప్పుకుంట ఇంకొకరి పేరు పెట్టుకోలేను. మీరేం చేస్తరో చెయ్యుండ్రి.”

ఆయన మొహం పాలిపోయింది. గబగబా వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. తిరిగొచ్చి, నుదురు తుడుచుకుని, రహస్యంగా అన్నాడు.

“జర మెల్లగ, బిడ్డా. నేను తనిఖీ సారు డ్రైవర్ను.”